ఇద్దరికీ ఒకే నీళ్ళు

చేప చచ్చిపోయినందుకు ఆమెకి ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది.

పొద్దున ఆరింటికి ముందుగదిలో తొట్టి మీది లైటు వేసేసరికి, నాలుగు రోజుల క్రితం తెచ్చిన చేప రాయికీ గాజుకీ మధ్య ఇరుక్కుని పక్కకి ఒరిగి ఉంది. బొటనవేలంత చేప. నారింజ రంగు ఒళ్ళు, దాని మీద మూడు తెల్ల పట్టీలు. నిన్న సాయంత్రం దాకా గాజు దగ్గరికొచ్చి ఆమె వేలు ఎటు కదిలితే అటు తిరిగింది. ఇప్పుడు పంపు తోసే నీళ్ళు తగిలినప్పుడల్లా దాని రెక్క ఒకటి ఊరికే ఊగుతోంది.

ఆమె చిన్న వలతో దాన్ని బయటికి తీసి, తన టిఫిను డబ్బా మూతలో పెట్టింది. తర్వాత చేతులు కడుక్కుని, గాజు గొట్టాలు నాలుగు వరసగా పెట్టుకుని తొట్టి నీళ్ళు పరీక్ష చేసింది. ఉప్పు సరిగ్గా ఉంది. వేడి సరిగ్గా ఉంది. అమ్మోనియా గొట్టం మాత్రం లేత ఆకుపచ్చగా మారింది. చేప చచ్చి పడుంటే ఆ మాత్రం రాదా అనుకుంది. మిగతావన్నీ పుస్తకంలో ఎలా ఉండాలో అలాగే ఉన్నాయి.

అందుకే కోపం. తెలియక చేసిన పని చెడిపోతే మనిషి సర్దుకుంటుంది. ఏడు వారాలు, గ్రాము తేడా రాకుండా, ఉప్పు తూచి, నీళ్ళలో కలిపి, ఒక రోజంతా పంపు తిప్పి, ఉప్పదనం చూసే పరికరాన్ని కిటికీ వైపు ఎత్తి గీత సరిచూసుకుని, ఇసకా రాళ్ళూ పేర్చి, కంటికి కనిపించని మంచి క్రిములు పుట్టి పెరిగి తొట్టి నిలదొక్కుకునేదాకా ఒక్క ప్రాణిని కూడా వెయ్యకుండా కాచుకుంటే, చివరికి ఇదా? మొదట తెచ్చిన అయిదు నత్తలూ పోయాయి. ఇప్పుడు చేప పోయింది. తన కొలతలో తప్పు లేదు కాబట్టి తప్పు అమ్మినవాడిది. రోగిష్టి సరుకు అంటగట్టాడు.

"పోయిందా?" అన్నాడు భర్త, తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చి. లిఫ్టులు బాగుచేసే మనిషి. తొట్టి స్టాండు కింద రసమట్టం పెట్టి వెంట్రుకవాసి కూడా వంకర లేకుండా నిలబెట్టింది ఆయనే.

"పోలేదు. చంపాడు, ఆ కొట్టువాడు."

"నేను మొదట్నించీ చెప్తూనే ఉన్నాను. ఇంత ఉప్పు, ఇంత తిప్పలు ఎందుకు, సముద్రం దగ్గరికెళ్ళి ఒక బిందెడు ముంచుకొస్తే సరిపోయేదిగా."

ఆమె ఆయన వైపు చూసిన చూపుకి ఆయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి నడిచాడు. అక్కణ్ణించి, "ఇవాళ మంగళవారం. క్యాన్లు స్కూటరు మీద పెట్టాను," అని మాత్రం అన్నాడు.

వారానికోసారి, మంగళవారం, రెండు క్యాన్ల నీళ్ళు ఆమె పనిచేసే చోటు నుంచే వస్తాయి. ఆమె డయాలిసిస్ సెంటరులో టెక్నీషియన్. మూత్రపిండాలు పనిచెయ్యనివాళ్ళ రక్తాన్ని మిషను ద్వారా కడిగి మళ్ళీ ఒంట్లోకి పంపే చోటు అది. ఆ కడగడానికి ఒక్కో మనిషికి ఒక్కో పూట నూట ఇరవై లీటర్ల నీళ్ళు కావాలి. ఆ నీళ్ళలో ఏమీ ఉండకూడదు. అందుకని సెంటరు వెనకాల ఒక గది నిండా బొగ్గు ట్యాంకులూ, వడపోత గొట్టాలూ ఉంటాయి. ఊరంతటిలో అంతకన్నా శుభ్రమైన నీళ్ళు ఎక్కడా దొరకవని ఆమె నమ్మకం. మేనేజరుని అడిగితే, "రెండు క్యాన్లేగా, తీసుకెళ్ళమ్మా," అన్నాడు.

ఆరున్నరకి ఆమె సెంటరులో అడుగు పెట్టేసరికి నీళ్ళ గది ఆపరేటరు రిజిస్టరు పట్టుకుని తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. రోజూ అంతే. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడు షిఫ్టులు. ప్రతి షిఫ్టుకీ ముందు నీళ్ళలో క్లోరిన్ ఉందేమో పరీక్ష చేసి అంకె వెయ్యడం అతని పని, చూసి సంతకం పెట్టడం ఆమె పని. మధ్యలో మిషన్లు వదిలేసి నీళ్ళ గదికి పరుగెత్తడం కుదరదని, ఆమె నిలబడ్డచోటే మూడు గళ్ళలోనూ సంతకాలు పెట్టేస్తుంది. ఆ రోజూ పెట్టింది. పెన్ను అతని జేబులోదే, మళ్ళీ అతని జేబులోనే గుచ్చింది.

హాల్లో పన్నెండు కుర్చీలు. మూడో కుర్చీ కిటికీ పక్కది. అందులో దర్జీ తాత అప్పటికే నడుం వాల్చాడు. డెబ్భై దాటిన మనిషి. ఇప్పటికీ ఇంటి దగ్గర పైజామాలూ దిండు గలీబులూ కుడతాడు. మంగళ, గురు, శని వస్తాడు. దుప్పటి కప్పుకోగానే దాని అంచు చేతిలోకి తీసుకుని కుట్టు వదిలిందేమో బొటనవేలితో తడుముతాడు. ఆ అలవాటు చూసి ఆమెకి రోజూ నవ్వొచ్చేది.

"అమ్మాయ్, నా తోబుట్టువెలా ఉంది?" అన్నాడు. చేప గురించి అడగడం అది. చేపకి తీసుకెళ్ళేది ఇక్కడి నీళ్ళేనని ఆమె చెప్పిన రోజు ఆయన పగలబడి నవ్వి, "అయితే దానికీ నాకూ ఒకే నీళ్ళు, చుట్టరికం కలిసిపోయింది," అన్నాడు. ఆ రోజు నుంచీ అది ఆయన తోబుట్టువే.

"దాని సంగతి తర్వాత. ముందు మీ సంగతి చూడండి," అంది ఆమె. చేతిలో రక్తపరీక్షల కాగితాలున్నాయి. ఆయన కాగితం పైకి తీసింది. పోయిన నెల హీమోగ్లోబిన్ తొమ్మిదిన్నర. ఈ నెల ఏడు.

పొద్దుట్నించీ లోపల కాగుతున్నదంతా అప్పుడు పొంగింది.

"ఏడు! ఇది మనిషి రక్తమా, నీళ్ళా? ఐరన్ మాత్రలు వేసుకుంటున్నానని నా మొహాన చెప్తారు. వేసుకుంటే ఇంత ఎలా పడుతుంది?"

"వేసుకుంటున్నానమ్మా," అన్నాడు దర్జీ.

"ఎక్కడ వేసుకుంటున్నారు, కిటికీలోంచి బయటికా? మేం ఇక్కడ మీ కోసం చాకిరీ చేస్తుంటే, మీరు అక్కడ పిల్లల్లాగా మాత్రలు పారేస్తూ కూర్చోండి."

కుర్చీల్లో ఒకరిద్దరు నవ్వారు. దర్జీని దింపడానికి వచ్చిన కోడలు గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటోంది. ప్యాకింగ్ కంపెనీలో పని, ఎనిమిదింటికల్లా అక్కడుండాలి. ఆ మాట విని ఆగిపోయింది.

"అమ్మా, ఇలా రండి. ఈయన మాత్రలు ఎక్కడ పారేస్తున్నారో కాస్త చూడండి. మీరే చేత్తో ఇచ్చి, మింగాక నోరు తెరిపించి చూడండి. వేరే దారి లేదు."

"మామయ్యా..." అంది కోడలు. ఆ ఒక్క మాటలో అలసటంతా ఉంది. "ఎందుకండీ మామయ్యా నలుగుర్లో ఇలా అనిపించుకుంటారు?"

కోడలు చూస్తుండగానే ఆమె ఒక మాత్ర, గుక్కెడు నీళ్ళు తెచ్చి ఆయనకి ఇచ్చింది. మింగాడు. "నోరు తెరవండి," అంది. తెరిచాడు. "నాలుక ఎత్తండి." ఎత్తాడు. నాలుగో కుర్చీలో ఉన్నాయన, "పళ్ళు లెక్కపెట్టండి సిస్టర్, అవి కూడా పారేసుండచ్చు," అన్నాడు. మళ్ళీ నవ్వులు. దర్జీ కూడా నవ్వినట్టే పెదవులు సాగదీసి మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. బొటనవేలు మాత్రం దుప్పటి అంచు మీద ఒక్కచోటే ఆగిపోయింది.

ఆమె ఆయన చేతికి సూది గుచ్చి, మిషను నడిపించి, నాలుగో కుర్చీకి వెళ్ళింది. ఆయన కాగితంలోనూ అంకె పడింది. ఆయన్ని ఉపవాసాలు మానమంది. ఏడో కుర్చీ ఆవిడని, నెలసరి ఎక్కువగా అవుతోందేమో డాక్టరుకి చూపించుకోమంది. పదో కుర్చీ కుర్రాణ్ణి సరిగ్గా తినడం లేదని కోప్పడింది. ఒక్కొక్కరికి ఒక్కో కారణం దొరికింది, ఏదీ తడుముకోకుండా.

మూడున్నరకి రెండో షిఫ్టు ముగిసింది. రెండు క్యాన్లు నింపుకుని స్కూటరుకి కట్టుకుని ఆమె తిన్నగా చేపల కొట్టుకి వెళ్ళింది.

కొట్టు సన్నటి గది. రెండు గోడలకీ తొట్లు, మధ్యలో ఒక మనిషి పట్టే దారి. ఎక్కువ మంచినీళ్ళ చేపలే. చివర ఒక మూల మాత్రం ఉప్పునీళ్ళవి. కొట్టాయన బక్కపల్చటి మనిషి, చొక్కా కుడిచెయ్యి ఎప్పుడూ మోచేతి దాకా తడిసే ఉంటుంది. అప్పుడు ఒక తల్లీ కూతుళ్ళకి ఏదో చూపిస్తున్నాడు.

ఆమె పొద్దుట్నించీ స్కూటరు డిక్కీలో ఉంచిన టిఫిను డబ్బా మూత తెచ్చి గల్లా బల్ల మీద ఠపీమని పెట్టింది.

"చూడండి మీ సరుకు. నాలుగు రోజులు. మొన్న నత్తలు, ఇవాళ ఇది. చచ్చేవన్నీ ఏరి ఏరి నాకే అమ్ముతున్నారా?"

తల్లి కూతురి చెయ్యి పట్టుకుని రెండడుగులు వెనక్కి వేసింది. కొట్టాయన చేప వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "మెల్లిగా మాట్లాడండమ్మా. బేరాలున్నాయి," అన్నాడు.

"ఉండనివ్వండి. విననివ్వండి. ఏడు వారాలు ఆగాను నేను. మీలాగా దొరికిన నీళ్ళలో పారేసి కూర్చోలేదు. రోజూ కొలిచాను. కావాలంటే నా పుస్తకం చూపిస్తాను."

"పుస్తకం వద్దు. ఒక్కటి చెప్పండి. నత్తలు ఎప్పుడు పోయాయి?"

"పోయిన మంగళవారం."

"నీళ్ళు ఎప్పుడు మార్చారు?"

"సోమవారం."

"మరి ఇది?"

ఆమె జవాబు చెప్పబోయి ఆగింది. నిన్న సోమవారం. సాయంత్రం తొట్టిలో అయిదో వంతు తీసేసి, కలిపి ఉంచిన కొత్త నీళ్ళు పోసింది.

"నీళ్ళు మార్చిన మర్నాడే పోతుంటే జబ్బు చేపది కాదమ్మా, నీళ్ళది," అన్నాడు కొట్టాయన. "ఎక్కడివి పోస్తున్నారు?"

"నా నీళ్ళకి వంక పెట్టకండి. ఆ నీళ్ళ సంగతి మీకు తెలీదు."

"తెలీదు కాబట్టే అడుగుతున్నాను. ఉన్నాయా, చూస్తాను."

ఆమె విసురుగా వెళ్ళి స్కూటరు మీది క్యాను విప్పి లోపలికి మోసుకొచ్చింది. ఎదుటివాడి నోరు మూయించాలన్న కసితో మోస్తే ఇరవై లీటర్లు కూడా బరువనిపించదు. కొట్టాయన క్యానులోంచి గాజు గొట్టంలోకి నీళ్ళు తీశాడు. చిన్న పొట్లం చింపి తెల్లపొడి వేసి, మూత పెట్టి ఊపాడు. గోడ గడియారం చూసుకుని, "మూడు నిమిషాలు," అని గొట్టం బల్ల మీద నిలబెట్టి, తల్లీ కూతుళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆమెకి ఆ పొడి తెలుసు. సెంటరులో నీళ్ళ గది బీరువాలో ఉండేదీ అదే, క్లోరిన్ ఉంటే గులాబీ రంగు చూపిస్తుంది. దాని డబ్బా చివరిసారి ఎప్పుడు చూసిందో గుర్తు చేసుకోబోయింది. గుర్తు రాలేదు.

ఒక నిమిషానికి గొట్టంలో ఏమీ లేదు. రెండో నిమిషంలో అడుగున ఏదో మసకగా కనిపించింది. మూడో నిమిషానికి నీళ్ళు గులాబీ రంగుకి తిరిగాయి. అబ్బే, అనుమానంగా కాదు. స్పష్టంగా, ఎవరు చూసినా గులాబీ అనేంతగా.

"మీ పొడి పాతదై ఉంటుంది," అంది ఆమె.

ఆయన తన కొట్టులో వడపోసిన నీళ్ళు ఒక గొట్టంలోనూ, కుళాయి నీళ్ళు ఇంకో గొట్టంలోనూ పోసి అదే పొడి వేశాడు. మూడు నిమిషాల తర్వాత మొదటిది తెల్లగానే ఉంది. రెండోది ఆమె గొట్టం కన్నా ఒక్క పిసరు ముదురు.

"కుళాయి నీళ్ళకీ మీ నీళ్ళకీ పెద్ద తేడా లేదమ్మా. ఈ మధ్య నీళ్ళ ట్యాంకు వాళ్ళు క్లోరిన్‌లో అమ్మోనియా కూడా కలుపుతున్నారు. ఉత్త క్లోరిన్ అయితే మీరు రోజంతా పంపు తిప్పితే ఎగిరిపోయేది. ఇది పోదు. మంచి బొగ్గు ఉంటేనే ఆగుతుంది. మీ బొగ్గు అయిపోయి నెల పైనే అయి ఉంటుంది." గొట్టాలు కడుగుతూ మామూలుగా అడిగాడు. "ఇంతకీ ఏ నీళ్ళవి?"

ఆమె క్యాను మూత బిగించింది.

"ఎక్కడివమ్మా?"

"మా సెంటరువి," అంది. "డయాలిసిస్ సెంటరువి."

కొట్టాయన చేతిలో గొట్టం అలాగే ఆగిపోయింది. కుళాయి కారుతూనే ఉంది.

ఇటువంటి నీళ్ళు రక్తంలోకి వెళ్తే ఏమవుతుందో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. శిక్షణలో మొదటి వారమే చెప్తారు. ఎర్రకణాలు చిట్లిపోతాయి. హీమోగ్లోబిన్ పడిపోతుంది. మాత్రలు ఎన్ని మింగినా నిలవదు. తొమ్మిదిన్నర, ఏడు. నాలుగో కుర్చీ, ఏడో కుర్చీ, పదో కుర్చీ. పన్నెండు కాగితాలు ఆమె చేతుల మీదుగానే వెళ్ళాయి. ఒకదాని పక్కన ఇంకొకటి పెట్టి చూడలేదు. చేపకి వారానికి రెండు క్యాన్లు చాలాయి చావడానికి. దర్జీ తాతకి పూటకి నూట ఇరవై లీటర్లు.

గడియారం నాలుగుంపావు. సాయంత్రం షిఫ్టు అయిదింటికి.

"ఆ పొడి పొట్లాలు ఎన్నుంటే అన్నీ ఇవ్వండి," అంది.

సెంటరు నీళ్ళ గదిలో ఆపరేటరు టీ తాగుతున్నాడు. ఆమె ఊడిపడినట్టు రావడం చూసి లేచి నిలబడ్డాడు. మిషన్లకి వెళ్ళే గొట్టం దగ్గర నీళ్ళు పట్టి, పొట్లం వేసి, మూడు నిమిషాలూ కళ్ళార్పకుండా చూసింది. గులాబీ. మళ్ళీ పట్టింది. గులాబీ.

"రిజిస్టరు ఇయ్యి."

ఇచ్చాడు. ఇంకా మొదలవని సాయంత్రం షిఫ్టు గడిలో పొద్దున తను పెట్టిన సంతకం ఉంది. దాని పక్కన గుండ్రంగా సున్నా ఉంది.

"షిఫ్టు మొదలవ్వలేదు. పరీక్ష ఎప్పుడు చేశావు?"

"పొడి అయిపోయి అయిదు వారాలైంది మేడం. మేనేజరు గారితో చెప్పాను. వచ్చేదాకా ఎప్పటిలాగే రాయమన్నారు."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

అతను కప్పు పక్కన పెట్టాడు. భయపడుతూనే అన్నాడు గాని, అన్నాడు. "మీ సంతకం పొద్దున్నే పడిపోతుంది కదా మేడం. సంతకం పడ్డాక గడి ఖాళీగా ఉంటే బాగోదని సున్నా వేస్తాను. మీరు అంకె ఏనాడూ అడగలేదు."

చెంప మీద కొట్టినట్టయింది. రిజిస్టరు చంకలో పెట్టుకుని బయటికి నడిచింది.

హాల్లోకి వచ్చేసరికి సాయంత్రం రోగులు అప్పుడే సంచులతో వచ్చి బరువు చూసుకుంటున్నారు. "ఇవాళ మిషన్లు పెట్టడం లేదు. నీళ్ళు బాగాలేవు," అంది. భగ్గుమన్నారు అందరూ. రెండు రోజులు గుక్కలు లెక్కపెట్టుకుని నీళ్ళు తాగి, కాళ్ళు వాచి వచ్చినవాళ్ళు. "ఇంత దూరం ఈడ్చుకొచ్చాక ఇప్పుడా చెప్పడం? ఊపిరాడకపోతే నీ దగ్గరికి వస్తామా?" అని ఒకావిడ సంచి కుర్చీ మీద విసిరికొట్టింది. ఆవిడ కోపం న్యాయమేనని ఆమెకి తెలుసు.

గొడవ విని మేనేజరు వచ్చాడు. ఆమె చెయ్యి పట్టుకోకపోయినా పట్టుకుని లాగినట్టే తన గదిలోకి పిలిచాడు.

"ఎవర్నడిగి ఆపావు? పొడి రెండు రోజుల్లో వస్తుంది. బొగ్గు కూడా మార్పిస్తాను. ఇన్నాళ్ళూ ఎవరికేమైంది?"

"అందరికీ అయింది." ఆమె పన్నెండు కాగితాలూ ఆయన బల్ల మీద పక్కపక్కన పరిచింది. "చదవండి సార్. ఒక్కటైనా పడకుండా ఉన్న అంకె చూపించండి. ఒక్కటి!"

ఆయన కాగితాలు చూడలేదు. రిజిస్టరు తెరిచి ఆమె వైపు తిప్పాడు. "ఈ సంతకాలెవరివి?"

ఆమె చూసింది. అయిదు వారాలు, రోజుకి మూడు. అన్నీ ఒకేలా, చక్కగా, తోక చివర చిన్న చుక్కతో.

"బయటికి వస్తే ముందు పోయేది ఎవరి ఉద్యోగమో ఆలోచించుకో," అన్నాడాయన, ఇప్పుడు మెల్లగా, మంచిమాట చెప్తున్నట్టు.

ఆ మెత్తదనమే ఆమెని నిలువెల్లా మండించింది. "నావే సంతకాలు," అంది. "ఎవరు అడిగినా నావే అంటాను. మీరేం రాయమన్నారో కూడా అంటాను." ఆయన ఎదురుగానే సున్నా మీద అడ్డంగా గీత కొట్టి, గొట్టంలో రంగుని బట్టి తేలిన అంకె వేసి, టైము వేసింది. ఆయన బల్ల మీది ఫోను అందుకుని కిడ్నీ డాక్టరుకి చేసింది. డాక్టరు రెండు ప్రశ్నలు అడిగి, ఒక్క మిషను కూడా ముట్టుకోవద్దని, సాయంత్రం వాళ్ళందర్నీ పెద్దాసుపత్రికి పంపమని చెప్పాడు. ఆరున్నర దాకా ఆమె ఒక్కొక్కళ్ళనీ ఆటో ఎక్కించింది. సంచి విసిరినావిడ ఎక్కేటప్పుడు కూడా తిట్టింది.

బుధవారం సెంటరు మూసి బొగ్గు మార్చారు. ఆమెని మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి సంజాయిషీ రాయించుకున్నారు. ఒక పేజీ రాసింది. అందులో 'పొరపాటున' అన్న మాట రాసి, కొట్టేసి, 'చూడకుండా' అని రాసింది.

వస్తూ దారిలో చేపల కొట్టు దగ్గర ఆగింది. "నిన్న నోరు పారేసుకున్నాను. తప్పు నాది," అంది. "చేప నాదే కదమ్మా, నాకూ బాధే," అన్నాడాయన. అంతకుమించి క్షమించినట్టు ఏమీ అనలేదు. తన వడపోత నీళ్ళు రెండు క్యాన్లు మాత్రం తెచ్చి పెట్టాడు.

ఇంటికొచ్చేసరికి భర్త తొట్టి ముందు పీట వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఖాళీ తొట్టిలో పంపు తిరుగుతోంది, రాళ్ళ మీద నీళ్ళు వెళ్ళి వస్తున్నాయి.

"తీసి పారేద్దామా?" అన్నాడు, ఆ రోజు వేళాకోళం లేకుండా.

"వద్దు. మళ్ళీ మొదట్నించి."

ఆయన లేచి, పాత క్యాన్లలో మిగిలిన నీళ్ళు బయట కాలవలో పారబోసి వచ్చాడు. ఆమె ఉప్పు సంచి విప్పి త్రాసు ముందు పెట్టుకుంది. మొదటి పొట్లం మాత్రం ఉప్పుది కాదు. కొట్టాయన నీళ్ళు కూడా గొట్టంలో పోసి, పొడి వేసి, మూడు నిమిషాలు కూర్చుంది.

గురువారం దర్జీ తాత కోడలితో వచ్చాడు. సంగతి అందరికీ అప్పటికే తెలుసు, కానీ తెలియాల్సినట్టు తెలియలేదు. నీళ్ళలో ఏదో మందు ఎక్కువైందట, బాగుచేశారట, అంతే. మంగళవారం ఉన్న మనుషులే కుర్చీల్లో ఉన్నారు.

దర్జీ మూడో కుర్చీ దగ్గరికి వచ్చి, పడుకోకుండా, ఆమెకి ఎదురుగా నిలబడి నోరు తెరిచాడు. నాలుక పైకెత్తాడు. అడక్కుండానే.

ఆమె కళ్ళు తిప్పుకుంది. "అక్కర్లేదు తాతగారూ," అంది గొణుగుతూ. "మీరు మాత్రలు వేసుకుంటూనే ఉన్నారు. రక్తం పడింది నీళ్ళ వల్ల. నేను చూసుకోవాల్సింది, చూడలేదు."

దర్జీ నోరు మూశాడు. కాసేపు ఆమె మొహంలోకే చూశాడు. ఆయనకి కోపం వస్తుందని ఇన్నేళ్ళలో ఆమె అనుకోలేదు.

"గట్టిగా చెప్పు," అన్నాడు.

"ఏంటి తాతగారూ?"

"మొన్న ఎంత గట్టిగా అన్నావో, అంత గట్టిగా చెప్పు. అందరూ ఇక్కడే ఉన్నారు. నవ్వినవాళ్ళూ ఉన్నారు."

ఆమె హాలు మధ్యకి తిరిగింది. "మొన్న నేను తాతగార్ని అన్నది అబద్ధం," అంది. గొంతు పెంచింది. "ఆయన మాత్రలు పారెయ్యలేదు. మీ అందరి రక్తం పడింది కూడా ఈ నీళ్ళ వల్లే. అయిదు వారాలు పరీక్ష చెయ్యలేదు. చేశారని చూడకుండా నేను సంతకాలు పెట్టాను. మీ తిండి తప్పు కాదు, మీ తప్పు ఏదీ కాదు."

నాలుగో కుర్చీ ఆయన లేచి కూర్చున్నాడు. పదో కుర్చీ కుర్రాడు చెవిలో తీగలు పీకేసి, "అయిదు వారాలా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఏడో కుర్చీ ఆవిడ తిట్టిన తిట్టు ఆ హాల్లో అంతకుముందెన్నడూ వినపడలేదు. ఆమె నిలబడి విన్నది.

దర్జీ కోడలు చేతిలో మాత్రల డబ్బా ఉంది. "మొన్నటి నుంచీ ఫోను లైటు వేసి నోట్లో చూస్తున్నాను," అంది నేల వైపు చూస్తూ. "పిల్లల ముందు."

దర్జీ చెయ్యి చాపి కోడలి చేతిలోంచి ఆ డబ్బా తీసుకుని తన జేబులో వేసుకున్నాడు.

"నా తోబుట్టువు?" అన్నాడు, ఆమె వైపు తిరక్కుండానే.

"పోయింది తాతగారూ. మంగళవారం పొద్దునే పోయింది."

"నేను అడిగినప్పటికే పోయిందన్నమాట." తల ఆడించాడు. "సరే. నీళ్ళు చూశావా ఇవాళ?"

"చూశాను. పావుగంట క్రితం."

"నాకు చూపించు."

రోగులు నీళ్ళ గదిలోకి రాకూడదు. అప్పటికే ఆయన కోడలి భుజం పట్టుకుని తలుపు వైపు నడుస్తున్నాడు. ఆమె ముందు నడిచి తాళం తీసింది. గొట్టం కడిగి, నీళ్ళు పట్టి, పొట్లం చింపి వేసింది. ఆపరేటరు గోడకి ఆనుకుని దారి ఇచ్చాడు.

"ఇలా ఇయ్యి," అన్నాడు దర్జీ. గొట్టం అందుకుని ట్యూబులైటు కింద చూడలేదు. కిటికీ రెక్క తోసి, బయటి వెలుగులో తన తెల్ల చొక్కా చేతికి ఆనించి పట్టుకున్నాడు. "లైటు కింద లేత రంగులన్నీ తెలుపే అయిపోతాయి. దారం రంగు కలపాలంటే ఆకాశం వెలుగు కావాలి," అన్నాడు కోడలితో.

మూడు నిమిషాలు అయ్యాయి. ఆయన గొట్టం దించలేదు. నాలుగో నిమిషం కూడా అయింది. కళ్ళు చికిలించి, గొట్టం తిప్పి, చొక్కా మీద పక్కకి జరిపి మళ్ళీ చూశాడు. హాల్లో పదకొండు మంది ఎదురుచూస్తున్నారు. ఆమె తొందరపెట్టలేదు.

"తెలుపే," అన్నాడు చివరికి. గొట్టం ఆమెకి ఇచ్చి, బల్ల మీది రిజిస్టరు గడ్డంతో చూపించాడు. "ఇప్పుడు పెట్టు."

ఆమె మొదటి గడిలో అంకె వేసి, టైము వేసి, సంతకం పెట్టింది. చెయ్యి అలవాటుగా రెండో గడి మీదికి జరిగింది. ఆగి, పెన్ను మూత పెట్టేసింది.

తిరిగి వచ్చేసరికి దర్జీ కుర్చీలో పడుకుని చొక్కా చెయ్యి మడుచుకున్నాడు. ఆమె సూది తీస్తే చెయ్యి చాపాడు. మొహం మాత్రం కిటికీ వైపే ఉంచుకున్నాడు, గుచ్చి మిషను నడిపించాక కూడా.